పెరికెయెద్దు, వేటకుక్క, అడవిదారి: ఎన్నూరు ఉప్పుబాట చరిత్ర

ఎన్నూరు అనగానే ఈ తరం విద్యార్థికి తోచేవి ఓడరేవు, బొగ్గు, పొగగొట్టాలు. 1970లో పని మొదలుపెట్టిన అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రం 2017లో మూతపడింది. 2001లో ప్రారంభమైన ఓడరేవు 2014 నుంచి కామరాజర్ పేరుతో నడుస్తున్నది. ఇవేవీ లేని కాలంలో, మద్రాసుకు ఉత్తరాన కొసస్థలై నది సముద్రంలో కలిసే ఈ తీరాన్ని లోపలి సీమల ప్రజలు ముఖ్యంగా ఒక్క వస్తువు కోసం ఎరుగుదురు. అది ఉప్పు. ఎన్నూరు, అత్తిపట్టు, వల్లూరు మొదలుకొని పులికాటు దాటి నెల్లూరు తీరం పొడుగునా ఉప్పుమళ్ళు ఉండేవి. వాటి పక్కన కొఠార్లు, కొఠార్ల ముందు బరువు కోసం కాచుకొని నిలిచిన జంతువులు. తీరంలో దొరికే ఉప్పు లోపలి నేలలకు కావాలి, లోపలి నేలల ధాన్యం, పత్తి తీరానికి కావాలి. మధ్యలో ఉన్నవి కొండలు, అడవులు, కాలిబాటలు.

అందరికీ చెందిన అడవిదారిలో మనిషి వెంట ఏ జంతువు నడవవచ్చు, ఏది నడవరాదు, ఆ మాట చెప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్న ఇటీవల తరచుగా వినిపిస్తున్నది. సెలవులలో కొండలెక్కే అలవాటు పెరిగిన కొద్దీ అది ఇంకా వినిపిస్తుంది. విదేశాలలో చదువుకొనే మన విద్యార్థులకు అక్కడి జాతీయ ఉద్యానాల ముఖద్వారాల దగ్గర కనిపించే పలకల వల్ల అది సుపరిచితమే. అయితే ఇది విహారయాత్రికులతో పుట్టిన ప్రశ్న కాదు. తెలుగు నేలలో ఈ ప్రశ్నకు కొన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది, అందులో కొన్ని జాతుల బ్రతుకే తలకిందులైంది. ఆ కథలో మాకు తెలిసిన ముఖ్య ఘట్టాలను ఎన్నూరు ఉప్పును ఆధారం చేసుకొని ఇక్కడ చెప్పదలచాము.

ముందుగా ఒక మాట గురించి. ఎద్దు వీపు మీద అటొకటి ఇటొకటి వేలాడేలా వేసే జంట గోనెసంచికి తెలుగులో పెరికె అని పేరు. ఆ బరువు మోసేది పెరికెయెద్దు. మధ్యయుగపు శాసనాలలో సంతలకు, రేవులకు వచ్చే సరుకు మీద సుంకాన్ని పెరికెల లెక్కన చెప్పడం కనిపిస్తుంది. బండి లెక్క కాదు, పెరికె లెక్క. అంటే ఆనాటి రాజుకు, వర్తకుడికి, సుంకరికి కూడా సరుకు రవాణాకు కొలమానం ఎద్దు వీపే. పెరిక అనే కులం పేరు కూడా ఈ సంచి నుంచే వచ్చిందని థర్‌స్టన్ తన 1909 నాటి ఏడు సంపుటాల గ్రంథంలో రాశాడు. బండికి బాట కావాలి, బాటకు రాజు కావాలి. పెరికెయెద్దుకు గడ్డి, నీరు ఉంటే చాలు, దారి అదే చేసుకుంటుంది. మన పాత అడవిదారులలో పెక్కింటిని వేసినది ఏ ఇంజనీరూ కాదు, ఏటేటా అదే జాడలో నడిచిన గిట్టలు.

ఈ పనిలో అందరికంటె పెద్దవారు లంబాడాలు. బంజారాలనీ, సుగాలీలనీ ప్రాంతాన్ని బట్టి పేర్లు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో మచిలీపట్నం నుంచి తీరం వెంట పులికాటు, మద్రాసు మీదుగా వచ్చి గండికోటకు పోయినవాడు. మన దారుల మీద నడిచినవాడు కనుక అతని మాటకు విలువ ఉన్నది. పది పన్నెండు వేల ఎడ్లు ఒకేసారి బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుంటూ సాగే బిడారులను చూసి అతడు ఆశ్చర్యపోయాడు. ఇరుకు చోట ఇలాంటి బిడారు ఎదురైతే అదంతా దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగవలసి వచ్చేదట. దారి ఎవరు ఎవరికి ఇవ్వాలి అన్నది అప్పుడు ప్రాణసంకటమైన ప్రశ్న. బిడారులు ఎదురుపడ్డప్పుడు ముందు ఎవరు పోవాలన్న తగవు తీర్చడానికి సాక్షాత్తు మొగలు పాదుషాయే జోక్యం చేసుకోవలసి వచ్చిందని కూడా అతడు రాశాడు. అడవిదారిలో జంతువుల నడకకు ఒక మర్యాద, ఒక కట్టుబాటు అవసరమని దీనివల్ల తెలుస్తున్నది. అయితే అది నడిచేవారు, నడవనిచ్చేవారు కలిసి కుదుర్చుకొన్న కట్టుబాటు.

ఇందుకు మరొక నిదర్శనం లంబాడాలు తరతరాలుగా చెప్పుకొనే రాగి రేకు కథ. షాజహాను కాలంలో వజీరు ఆసఫ్‌ఖాను దక్కనుకు దండెత్తి వచ్చినప్పుడు అతని సేనకు ధాన్యం మోసినవారు భంగీ, ఝంగీ అనే నాయకులు. వారి వెంట 1,80,000 ఎడ్లు ఉండేవని కథ. సేన నడిచే చోట గడ్డికీ నీటికీ ఇబ్బంది వచ్చినప్పుడు వజీరు వారికి బంగారు అక్షరాలు పొదిగిన రాగి రేకు ఇచ్చాడట. ఇళ్ళ మీది కప్పుగడ్డి పీకి ఎడ్లకు వేసినా, ఇంటి కుండలోని నీళ్ళు తీసుకొన్నా, రోజుకు మూడు హత్యలు చేసినా అడిగేవారు ఉండరాదని, వజీరు గుర్రాలు ఎక్కడ నిలిస్తే వీరి ఎడ్లు అక్కడ నిలవవచ్చునని అందులోని మాటల సారాంశం. ఎడ్ల సంఖ్యనో హత్యల సంఖ్యనో పట్టుకొని ఈ కథను తోసివేయనక్కరలేదు. రేకు నిజమైనా కల్పితమైనా, కథ మోసుకొచ్చిన భావం మాత్రం నిజం. బరువు మోసే జంతువుకు దారి పొడుగునా మేత, నీరు హక్కుగా దక్కాలని, గుర్రానికీ పెరికెయెద్దుకూ దారిలో తేడా ఉండరాదని ఆ జాతి నమ్మింది. రాజులు కూడా తమ అవసరం కొద్దీ ఆ నమ్మకాన్ని మన్నించారు. 1791–92లో కారన్‌వాలిస్ టిప్పుసుల్తాను మీదికి పోయినప్పుడు కెప్టెన్ రీడ్ వేలకొద్దీ లంబాడా ఎడ్లను కుదుర్చుకొని సేనకు ధాన్యం చేర్చాడు. 1799 నాటి శ్రీరంగపట్నం ముట్టడి కాలానికీ ఆధారం వారే.

లంబాడా తాండా నడకలో ఎద్దుకు తోడు కుక్క ఉండేది. ఉన్నతమైన కాళ్ళు, సన్నని నడుము, పొడుగు మూతి గల ఆ జాతిని ఇంగ్లీషు వేటగాళ్ళు బ్రింజారీ కుక్క అన్నారు. రాత్రి ఎడ్లను విప్పి బస్తాలు గోడలా పేర్చినప్పుడు ఆ గోడకు కాపలా అదే. పగలు కుందేలునో జింకనో తరిమి పట్టేదీ అదే. ఇప్పటి కారవాన్ హౌండ్ పేరులోనే బిడారు ఉన్నది. దానికి దగ్గరి చుట్టమైన ముధోల్ కుక్క బొమ్మతో మన తపాలా శాఖ 2005లో బిళ్ళ విడుదల చేసింది. బిడారులు పోయాయి, కుక్క మాత్రం తపాలా బిళ్ళకెక్కి నిలిచింది.

ఇక ఉప్పు మోతలో రెండవ జాతి ఎరుకలవారు. తమిళ ప్రాంతంలో వీరిని కొరవలంటారు. ఎరుక చెప్పడం వల్ల తెలుగు పేరు వచ్చిందని అందరూ అనేమాట. కాని వీరిలో ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, దబ్బ ఎరుకలు అని మోసే సరుకును, చేసే పనిని బట్టి శాఖలు ఉన్నాయి. ఉప్పు ఎరుకలవారు తీరంలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎడ్ల మీద వేసుకొని కొండపల్లెలకు పోయి, ధాన్యానికి మార్చుకొని వచ్చేవారు. ఒక ఇంటివారికి నాలుగైదు గాడిదలుంటే ఒక వ్యాపారం. లంబాడాల బిడారు పెద్ద సంతలకు, సేనలకు పనికివస్తే, ఎరుకల గాడిద వెళ్ళేది బండి పోని, బిడారు పోనక్కరలేని ఊరికి. ఆ ఊళ్ళ కూటిలో ఉప్పు ఉండడం లేకపోవడం ఈ గాడిద రాక మీద ఆధారపడి ఉండేది.

ఎంత బరువు? తావెర్నియే లెక్క ప్రకారం ఒక ఎద్దు మోసేది ఇప్పటి కొలతలో సుమారు 150 నుంచి 170 కిలోలు. భారత ప్రభుత్వం 1965లో చేసిన బరువు మోసే జంతువుల నియమాలు పెద్ద ఎద్దుకు 175 కిలోలు, మధ్యరకానికి 150, చిన్నదానికి 100, కంచరగాడిదకు 200, తట్టుకు 70, గాడిదకు 50 కిలోలు మించరాదన్నాయి. మూడు వందల ఏళ్ళ నాటి దారి నేర్పిన హద్దు, చట్టం పెట్టిన హద్దు ఇంచుమించు ఒక్కటే కావడం గమనార్హం. ఎద్దు చస్తే బ్రతుకు పోయేవాడికి ఎద్దు వీపు సంగతి ఒకరు చెప్పవలసిన అవసరం తక్కువ. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్న సామెత పుట్టింది ఈ వీపులను చూసే అయివుంటుందని మాకు తోస్తుంది. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా అయిదు గంటలకు మించి నడిపించరాదని, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించరాదని కూడా ఆ నియమాలు చెబుతున్నాయి. మంచి నియమాలే. అయితే అవి వచ్చేనాటికి ఎన్నూరు దారిన పెరికెయెద్దు మిగలలేదు. ఎందుకు మిగలలేదన్నదే అసలు కథ.

మొదట ఉప్పు మారింది. 1805లో కుంఫిణీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధిపత్యంలోకి తెచ్చుకొన్నది. పండించినవాడు సర్కారు కొఠారుకే ఇవ్వాలి, కొనేవాడు సర్కారు ధరకే కొనాలి. గరిసె ఉప్పు ధర మొదట 70 రూపాయలు, 1809లో 105. గరిసె అంటే 120 మణుగులు, మన కొలతలో నాలుగున్నర టన్నులకు దగ్గర. దానిని లోపలికి చేర్చడానికి ముప్ఫై ఎడ్లయినా కావాలి, గాడిదలైతే తొంభై. 1844లో లోపలి సుంకాలను రద్దు చేసినప్పుడు దారిలో అడుగడుగునా సుంకరి చేతిలో నలిగే పెరికెవాడికి మేలే జరిగిందనిపిస్తుంది. కాని ఆ నష్టం పూడ్చుకోవడానికి సర్కారు ఉప్పు ధర ఒక్కసారిగా గరిసెకు 180 రూపాయలకు పెంచి, లండన్ నుంచి ఆక్షేపణ వచ్చాక 120కి దించింది. దారి సుంకం పోయి ఉప్పులో చేరిందన్న మాట. పెట్టుబడి తక్కువైన ఎరుకలవాడు ఎక్కువ నలిగింది ఇక్కడ.

తర్వాత దారి మారింది. ఎన్నూరుకు ఈ విషయంలో తొలి స్థానం ఉన్నది. బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు 1801–1806 మధ్య మద్రాసు నుంచి ఎన్నూరు దాకా 11 మైళ్ళ ఉప్పునీటి కాలువ తవ్వించాడు. తర్వాత అది పులికాటు దాకా పెరిగింది, 1837లో సర్కారు చేతికి వచ్చింది, దుగరాజపట్నం, కృష్ణపట్నం దాటి ఉత్తరానికి సాగింది. 1876–78 నాటి ధాతు కరువులో కూలికి వచ్చిన ప్రజల చేత నగరంలోని ముక్కను తవ్వించి ఉత్తర దక్షిణ భాగాలను కలిపారు. 1878లో గవర్నరు పేర బకింగ్‌హాం కాలువ అన్నారు. పెద్దగంజాం నుంచి మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్లు. నెల్లూరు సీమ కట్టెలు, ఉప్పు, ధాన్యం పడవలలో మద్రాసు చేరేవి. 1856లో రాయపురం నుంచి వాలాజా దాకా రైలు నడిచింది. 1899 నాటికి బెజవాడ వైపు రైలుదారి ఏర్పడింది. పడవతో, రైలుతో ఎద్దు పోటీపడలేదు. ఇది మాత్రం ఎవరి దౌర్జన్యమూ కాదు, కాలధర్మం. కరువులో పశువులు లక్షలుగా చచ్చిపోవడంతో మిగిలిన బిడారులు కూడా చితికిపోయాయి.

అయినా రైలు పోని ఊళ్ళు, కాలువ అందని కొండలు చాలా ఉండెను. నెల్లూరు సీమ నుంచి రాపూరు కనుమ మీదుగా వెలిగొండలు దాటి చిట్వేలి, రాజంపేట వైపు పోయే దారి అటువంటిది. నగరి కొండల దారులు, నల్లమల దారులు అటువంటివే. అక్కడ గాడిద, ఎద్దు ఇంకా అవసరమే. ఆ దారులను మూసింది ఆవిరియంత్రం కాదు, చట్టం.

మద్రాసు రెవిన్యూ బోర్డు 1871 దాకా ఒక మంచి మాట మీద నిలబడింది. ఈ రాజధానిలో ఏదో ఒక ఊరి పొలిమేరలో చేరని అడవి దాదాపు లేదని, ఆ ఊరివారికి మేతకూ కట్టెకూ అనాదిగా అనుభోగం ఉన్నదని, అడవి అంతా సర్కారుదే అనడం చెల్లదని బోర్డు వాదించింది. సొంత ఉద్యోగులే సర్కారుకు ఎదురు చెప్పిన ఇలాంటి సందర్భాలు వలసపాలన చరిత్రలో అరుదు. విద్యార్థులు దీనిని గుర్తుంచుకోవాలి. తర్వాత బ్రాండిస్ వచ్చాడు, వాదం ఓడిపోయింది, 1882లో మద్రాసు అడవుల చట్టం పుట్టింది. రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం, పశువును తోలడం నేరం. దొరికిన పశువు బందెలదొడ్డికి పోతుంది.

ఈ బందెలదొడ్డికి 1871లోనే ఒక చట్టం ఉన్నది. అందులో ‘పశువు’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదవదగినది. ఆవు, ఎద్దులతో పాటు ఏనుగు, ఒంటె, గేదె, గుర్రం, తట్టు, కంచరగాడిద, గాడిద, పంది, గొర్రె, మేక, వాటి పిల్లలు అన్నీ అందులో ఉన్నాయి. కుక్క లేదు. పచ్చిక మేసేది నేరస్థురాలు, మాంసం తినేదానికి ఈ చట్టంతో పనిలేదు. మేయడానికి ఆగిన జంతువు వేరు, దారిన పోతూ మూతి చాచిన జంతువు వేరు అన్న తేడా కూడా అందులో లేదు. పగలల్లా బరువు మోసి, సాయంత్రం గోనె దించి, ఎడ్లను విప్పి మేపుకోవడం పెరికెవాడి పద్ధతి. మేత కొనవలసి వస్తే ఉప్పు అమ్మిన లాభం మేతకే సరిపోతుంది. కనుక అడవిలో మేతను నిషేధించడం అంటే, పేరుకు దారిని మూయకపోయినా, ఆ వృత్తిని మూయడమే. నూరు గాడిదలు తోలుకొని కొండ దాటేవాడికి రాగి రేకు కథ చెప్పుకోవడమే మిగిలింది.

పల్లెకాపులకూ ఈ చట్టం కష్టమే తెచ్చింది. పుల్లరి కట్టమని పలనాటిలో నిర్బంధించినప్పుడు జరిగిన తిరుగుబాటు, 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు ప్రాణత్యాగం మన పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి. ఉండవలసినవే. కాని పొలిమేర ఉన్నవాడికి పోట్లాడటానికి ఒక ఊరు ఉన్నది, వకీలు ఉన్నాడు, కాంగ్రెసు ఉన్నది. ఊరు లేని ఉప్పు ఎరుకలవాడి పక్షాన ఎవరు సత్యాగ్రహం చేశారు? అతని పేరు ఏ పుస్తకంలోనూ లేదు.

అతని పేరు ఎక్కిన పుస్తకం ఒకటి ఉన్నది, అది పోలీసు రిజిస్టరు. ఉప్పు మోత పోయాక కూడా తిరగడం మానని జాతిని సర్కారు అనుమానంగా చూసింది. ఉత్తరాదిలో 1871 నుంచి ఉన్న నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసుకు కూడా వర్తింపజేశారు. రిజిస్టరులో చేరినవాడు ఠాణాలో హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లాలో కావలి ఇటువంటి జాతుల కోసం పెట్టిన సెటిల్‌మెంట్లు. స్టూవర్టుపురాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ, కావలి సెటిల్‌మెంటును నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషను. ఉప్పు వ్యాపారం చేసే జాతి నేరస్థ జాతిగా ఎలా మారిందో మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తమ గ్రంథంలో వివరించారు. నిజాం రాజ్యంలో లంబాడాల పతనాన్ని భంగ్యా భూక్యా 2010 నాటి గ్రంథంలో పరిశీలించారు. ఈ రెండు పుస్తకాలూ ఇంగ్లీషులో ఉన్నాయి, తెలుగు శాఖల గ్రంథాలయాలలో తప్పక ఉండవలసినవి. మద్రాసులో 1947లోను, దేశమంతటా 1952లోను ఆ చట్టం రద్దయింది. ఊరుపేరుకు అంటిన మచ్చ రద్దు కాలేదు. స్టూవర్టుపురం అనగానే మన సినిమాలకు గుర్తొచ్చేది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. జంతువుకు పెట్టిన నియమం నలభై ఏళ్ళలో మనిషి మెడకు తాడైందన్నది మా అభిప్రాయం.

ఇప్పుడు కుక్క సంగతికి వద్దాం. పశువుల జాబితాలో చోటులేని కుక్క 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మరో తలుపు గుండా ప్రవేశించింది. ఆ చట్టం వేట అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడం, ఉచ్చు వేయడంతో పాటు తరిమి పట్టడం కూడా ఉన్నది. తరిమి పట్టడానికి పుట్టిందే బ్రింజారీ కుక్క. అభయారణ్యంలో మేతను, పశువుల రాకపోకలను నియంత్రించే అధికారం అదే చట్టం 33వ సెక్షనులో ఉన్నది. 1991 సవరణతో అభయారణ్యానికి అయిదు కిలోమీటర్ల లోపలి పశువులకు టీకాలు వేయించే ఏర్పాటు వచ్చింది. పశుసంపద నిర్వచనంలో గాడిదలు, కంచరగాడిదలు, బాతులు కూడా ఉన్నాయి. కుక్క మళ్ళీ లేదు. ఇది పెద్ద లోపమని మేము భావిస్తాము. అడవికి రోగం తెచ్చే అవకాశం ఎద్దు కంటె కుక్కకు తక్కువేమీ కాదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో కుక్కల డిస్టెంపర్ వ్యాధి సోకి దాదాపు వెయ్యి సింహాలు చచ్చాయి. 2018లో మన గిర్ అడవిలోనూ సింహాల చావుకు ఆ వ్యాధి ఒక కారణం. కుక్కను అడవిదారిలోకి రానివ్వకపోవడానికి ఇంతకంటె గట్టి కారణం అక్కరలేదు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి 1964 నాటి అరణ్య చట్టం మోటారు బండిని, సైకిలును కూడా అడవిదారి నుంచి వెలివేసింది. గుర్రాన్ని, కంచరగాడిదను మాత్రం నడవనిచ్చింది. జాతీయ ఉద్యానాలలో కుక్కకు ఆరడుగులకు మించని తాడు ఉండాలి, లోపలి కాలిదారులలో చాలావాటికి అసలు ప్రవేశమే లేదు. గుర్రం అంటే ఆ దేశానికి తమ పూర్వులు పడమటికి పోయిన జ్ఞాపకం. అందుకే గుర్రపు గిట్ట దారిని ఎంత చెడగొట్టినా, గుంపుకు ఇన్ని గుర్రాలని హద్దు పెడతారే కాని గుర్రాన్నే కాదనరు. మన దేశంలో ఆ జ్ఞాపకం పెరికెయెద్దుది. దానికి మాత్రం బందెలదొడ్డి. ఎవరి జంతువు చరిత్ర, ఎవరి జంతువు అపరాధం అన్నది అటవీశాస్త్రం తేల్చే విషయం కాదు.

కుక్కతో కొండదారి నడిచినవారిలో మనకు అందరికంటె తెలిసినవాడు ధర్మరాజు. మహాప్రస్థానంలో తమ్ములు, ద్రౌపది ఒక్కొక్కరే పడిపోయాక కడదాకా వెంట నిలిచింది కుక్క. స్వర్గద్వారం దగ్గర కుక్కకు ప్రవేశం లేదన్న నియమం ఎదురైనప్పుడు, నమ్మి వచ్చినదాన్ని వదలనన్నాడు. నియమం తప్పని అతడు అనలేదు, అలాగైతే నేనూ రానన్నాడు. పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని కొండెక్కాలనుకొనే మిత్రులు ఈ తేడాను గమనించాలని మనవి.

నల్లమలలో చెంచువారి సమస్య ఇంకొక విధం. శ్రీశైలం, నాగార్జునసాగర్ అడవి 1978లో అభయారణ్యం, 1983లో పులుల ప్రాజెక్టు అయింది. నాగలూటి, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి పోయే పాత కాలిదారి ఈ అడవిలోనిదే. ఉగాదికి కన్నడ భక్తులు వేలసంఖ్యలో ఆ దారి నడుస్తారు. యాత్రికుడు అడవికి అతిథి. చెంచువాడికి అడవి ఇల్లు, కుక్క ఇంటి కాపలా. తేనెకూ దుంపలకూ పోయేటప్పుడు ఎలుగుబంటి వాసన ముందు పట్టేది అదే. విహారానికి వచ్చినవాడి కుక్కకు, చెంచు కుక్కకు ఒకే నియమం వర్తింపజేయడం చూడడానికి సమానత్వంలా కనిపిస్తుంది. టీకా ఇద్దరి కుక్కలకూ వేయించవచ్చు, వేయించాలి కూడా. వాకిట్లో ఉన్న కుక్కను గుమ్మం దాటవద్దనడం మాత్రం వేరే సంగతి.

2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ తేడాను కొంతవరకు గుర్తించింది. స్థిరంగా ఉన్నవారి మేత, తిరుగుతూ ఉండేవారి మేత, సంచారజాతులు ఋతువును బట్టి అడవికి వచ్చిపోయే ఆచారం, ఈ మూడింటినీ 3వ సెక్షనులో సమష్టి హక్కులుగా రాశారు. 1882లో నేరమైనది 124 ఏళ్ళ తర్వాత హక్కయింది. ఎన్నూరు నుంచి ఉప్పు మోసిన జాతుల వారసులకు ఈ వాక్యం వల్ల ఒరిగేది మాత్రం కొద్ది. ఎడ్లు లేవు, గాడిదలు లేవు, దారి ఫలానా అని చూపగల ముసలివారు కూడా తగ్గిపోతున్నారు. హక్కు కోరాలంటే ఫలానా దారిన మా పెద్దలు నడిచేవారని గ్రామసభ ముందు రుజువు చూపాలి. రాగి రేకును రుజువుగా ఎవరు ఒప్పుకొంటారు?

2018 మార్చిలో తేని జిల్లా కురంగణి దగ్గర అడవి మంటలలో ఇరవైమందికి పైగా కొండ నడకవారు మరణించాక తమిళనాడు ప్రభుత్వం అడవి నడకలకు నియమాలు చేసింది. 2024 అక్టోబరులో నలభై దారులను ఎంచి, ముందుగా రుసుము కట్టినవారిని దారిచూపేవారి వెంట పంపే పథకం మొదలుపెట్టింది. వాటిలో తిరువళ్ళూరు జిల్లా గుడియం గుహల దారి ఒకటి. ఎన్నూరుకు పడమట, పూండి దాటాక వస్తుంది. మద్రాసులో చదువుకొనే మన విద్యార్థులు ఒకరోజు పోయి రాదగిన చోటు. ఆ చుట్టుపక్కల పల్లెలలో తెలుగు మాట్లాడే ముసలివారు ఇప్పటికీ ఉన్నారు. గాడిదల మీద ఉప్పు వచ్చిన సంగతి, ఏ చెట్టు కింద గోనెలు దించేవారన్న సంగతి, కొలకు ఎన్ని మానికల జొన్నలు ఇచ్చేవారన్న సంగతి వారినో, వారి పెద్దల మాటలు విన్నవారినో అడిగి రాసుకొని తెస్తే ఈ పత్రికలో ప్రచురిస్తాము. ఊరిపేరు, చెప్పినవారి వయసు, విన్న తేదీ వేయడం మరవవద్దు.